సూది వేసుకున్నాక మాస్కెందుకు?

ముప్పై నాలుగేళ్ల సర్వీసులో జనాన్ని నోరు తెరవమని బతిమాలడమే నా పని. పోలియో చుక్కలకి పసిపిల్లల చేత, ఐరన్ మాత్రలకి గర్భిణుల చేత, బోదకాలు మాత్రలకి మొండి ముసలివాళ్ల చేత నోళ్లు తెరిపించాను. ఉద్యోగం చివర రెండేళ్లు మాత్రం అదే జనాన్ని ముక్కూ నోరూ మూసుకోమని వెంటపడ్డాను.

రిటైరై కాశీబుగ్గలో ఇంటిపట్టున ఉంటున్నాను. కొత్తగా చేరిన ఏఎన్‌ఎం అమ్మాయిలు అప్పుడప్పుడు వచ్చి పోతుంటారు. మొన్న వాళ్లలో ఒకమ్మాయి అడిగింది.

"మేడమ్, అప్పటికి మేమింకా చదువుకుంటున్నాం. ఊరంతా రెండు డోసులూ వేసుకున్నాక కూడా మీరంతా మాస్కు మాస్కు అని ఎందుకు గొంతు చించుకున్నారు? రేపు మళ్లీ అలాంటిదొస్తే మేమూ అలాగే చెయ్యాలా?"

అవునని గానీ కాదని గానీ తేల్చి చెప్పలేకపోయాను. టీ తాగి వెళ్లిపోయారు. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. అందుకే ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, రిజిస్టర్లు, సమీక్షా సమావేశాల సంగతి ఇందులో ఉండదు. అవి ఎవరూ చెప్పకపోయినా మీకే తెలిసొస్తాయి. నేను చేసిన తప్పులు మాత్రం నేను చెబితేనే తెలుస్తాయి.

ఉప్పుమడుల దగ్గర

ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను నౌపడ వేశారు. బోదకాలు మాత్రలు పంచాలి. పంచి ఊరుకుంటే చాలదు, ఎదురుగా మింగించాలి. నాకు ఇరవై ఎనిమిదేళ్లు. తెల్ల చీర కట్టుకుని మిట్టమధ్యాహ్నం ఉప్పుమడుల గట్ల మీద నిలబడి, చేతిలో ఉప్పు లాగే పలకలతో ఉన్న కూలీల చేత వరసగా మాత్రలు మింగించాను. తిన్నారా అని అడగలేదు. వికారం పుట్టొచ్చని చెప్పలేదు. చెబితే మింగరని భయం.

అందులో ఒకావిడ వాంతి చేసుకుని గట్టు మీదే పడిపోయింది. గంటలో తేరుకుంది గానీ, మరుసటి ఏడాది నా తెల్ల చీర కనిపించగానే జనం అవతలి గట్టుకి వెళ్లిపోయేవారు.

అప్పటి మా సూపర్‌వైజరు ఆదిలక్ష్మిగారు టెక్కలి నుంచి వచ్చారు. బొద్దుగా, నెమ్మదిగా ఉండే మనిషి. నన్ను తిట్టకుండా మూడు రోజులు నాతోపాటు ఉప్పుమడుల దగ్గరే కూర్చున్నారు. కూలీలు అన్నం తినేదాకా ఆగి, తనూ ఒక మాత్ర వాళ్లెదుటే మింగి, "కాసింత వికారం పుడుతుంది. పుట్టినప్పుడు నన్నే తిట్టుకోండి," అనేవారు. వాళ్లు నవ్వి మింగేవారు.

తిరిగి వెళ్లే రోజు రైలు స్టేషన్లో నాతో అన్నారు. "చూడు సత్యవతీ, మాత్ర చేదని వాళ్లు పారిపోలేదు. నువ్వు దాచావని పారిపోయారు. పని జరగాలని ఎప్పుడూ ఏదీ దాచకు."

ఆ మాట గుర్తుంచుకున్నాననే అనుకుంటూ వచ్చాను. ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ అదే తప్పు, అంతకన్నా పెద్దది, చేశాను.

బైరాగి

నేను సూపర్‌వైజరుగా చివరగా పనిచేసిన పీహెచ్‌సీ కింద ఒక ఉద్దానం ఊరుంది. పలాస నుంచి సముద్రం వైపు ఆటోలో గంట ప్రయాణం. ఊరి పేరు రాయను. ఇటు కొబ్బరి, అటు జీడి, పెరట్లో పనస. ఏ వీధికి వెళ్లినా ఏదో ఒక ఇంటి అరుగు మీద కిడ్నీ జబ్బు మనిషి కూర్చుని ఉంటాడు. బయటివాళ్లకి అది వార్త. మాకు అది రోజూ చూసేదే.

డయాలసిస్‌కి వెళ్లేవాళ్లని వారానికి మూడుసార్లు పలాస తీసుకెళ్లి తెచ్చేవాడు బైరాగి. నలభై దాటిన మనిషి, పెద్ద గొంతు. అతని ఆటోలో వెళ్లేవాళ్లలో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకరు తవిటమ్మ. పలాస జీడి ఫ్యాక్టరీలో పాతికేళ్లు పిక్కలు కొట్టిన మనిషి. జీడి జిడ్డుకి నల్లబడిన వేళ్లు పని మానేసినా తెల్లబడలేదు. రెండోవారు దాశరథి మేస్టారు. ఇచ్ఛాపురం దగ్గర పుట్టి, ఇక్కడ ఎలిమెంటరీ స్కూల్లో రిటైరైనవారు. తెలుగులో పాఠం చెప్పి, ఒరియాలో తిట్టేవారని ఆయన శిష్యులు చెప్పుకుంటారు. ఆ శిష్యుల్లో బైరాగి ఒకడు.

మాస్కు లేకపోతే శిక్ష వేసే రోజులవి. నేను, ఒక కానిస్టేబులు రోడ్డు కూడలిలో నిలబడేవాళ్లం. మాస్కు లేనివాళ్లని ఆపి, అందరూ వింటుండగా "ఇకమీద మాస్కు లేకుండా బయటికి రాను" అని ఒట్టు చెప్పించేవాళ్లం. ఆ ఆలోచన నాదే. చాలా గొప్పగా అనుకున్నాను.

ఒక రోజు బైరాగి ఖాళీ ఆటోతో వచ్చాడు. మెడలో తువ్వాలు ఉంది, ముక్కు మీద ఏమీ లేదు. కానిస్టేబులు దింపాడు. ఎండలో, అరటిపళ్లు కొనడానికి వచ్చిన ఆడవాళ్ల ముందు నిలబెట్టి ఒట్టు చెప్పించాను. తలొంచుకుని చెప్పాడు. ఒక్క మాట ఎదురాడలేదు.

రెండు రోజుల తర్వాత తవిటమ్మ నన్ను తన ఇంటి ముందు ఆపింది.

"సిస్టరమ్మా, ఆడి సేత ఒట్టేయించినావంట?"

"మాస్కు లేదు కదమ్మా."

"ఉన్నాది. మేస్టారి మాస్కు తాడు తెగిపోతే, ఆస్పత్రి నోపలకి రానివ్వరేమోనని ఆడు తనది ఇప్పి ఇచ్చీసినాడు. నువ్వు అడిగినావేటి? అడక్కుండా నిలబెట్టీసినావు."

ఆ సాయంత్రం బైరాగి దగ్గరికి వెళ్లి తప్పయిపోయిందన్నాను. "పోనీలే సిస్టరమ్మా, ఒట్టే కదా, ఒట్టుకేటి బరువు?" అని నవ్వేశాడు.

అమ్మాయిలూ, ఇది రాసుకోండి: రూలు మీ చేతిలో ఉన్నప్పుడు ముందు అడగండి, తర్వాత ఆపండి.

నేను వేసిన ఒట్టు

టీకాలు వచ్చాయి. ఊళ్లో ఒక్కరూ ముందుకు రాలేదు. సూది వేసుకుంటే కిడ్నీ జబ్బు వాళ్లు రెండు రోజుల్లో పోతారని ఒక పుకారు. లేనివాళ్లకి కిడ్నీ జబ్బు వస్తుందని ఇంకో పుకారు. ఉద్దానంలో ఆ రెండో పుకారుకి ఎంత బలం ఉంటుందో మీరే ఊహించుకోండి. పొద్దుటి నుంచి సబ్‌సెంటర్లో సూదులు పెట్టుకుని కూర్చుంటే ఆశా కార్యకర్త, నేను, ఒక కుక్క తప్ప ఎవరూ లేరు.

మధ్యాహ్నం బైరాగి వచ్చాడు. గుమ్మంలో నిలబడి అడిగాడు.

"సిస్టరమ్మా, ఆ రోజు నువ్వు నా సేత ఒట్టేయించినావు. ఇప్పుడు నువ్వెయ్యి. ఈ సూదేసుకుంతే, ఈ ముక్కుగుడ్డ తీసీవొచ్చా? ఊపిరాడక సచ్చిపోతన్నాం."

అప్పటికి వారం ముందే మా మెడికల్ ఆఫీసరు శ్రావణిగారు మీటింగులో విడమరిచి చెప్పారు. టీకా వేసుకున్న మనిషికి జబ్బు ముదరదు, ప్రాణం నిలుస్తుంది, కానీ పక్కవాళ్లకి అంటకుండా అది పూర్తిగా ఆపలేదు. డయాలసిస్ వాళ్లకైతే టీకా పట్టు కూడా తక్కువ. నేను నా డైరీలో రాసుకున్నాను కూడా.

కానీ ఎదురుగా ఖాళీ బెంచీలు. గుమ్మంలో ఊరంతా వినే గొంతున్న మనిషి.

"తీసేయొచ్చు," అన్నాను.

"ఒట్టే?"

"ఒట్టే."

చొక్కా చెయ్యి పైకి మడిచాడు. సూది వేయించుకుని, అరగంట ఆగి, బయటికి వెళ్లి ఆటో హారను కొడుతూ వీధులన్నీ తిరిగాడు. "నాకేటీ కానేదు, సూసుకోండి! సూదేసుకుంతే మాస్కు పన్లేదంట! సిస్టరమ్మ ఒట్టేసింది!"

ఆ సాయంత్రానికి బెంచీలు నిండాయి. తర్వాత వారాల్లో మంచం దిగలేని ముసలివాళ్లని కూడా అతనే ఆటోలో తెచ్చి, తిరిగి ఇంట్లో దింపాడు. రెండో డోసు కూడా పూర్తయ్యేసరికి ఊళ్లో వేసుకోనివాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంతమంది. పైఅధికారులు మెచ్చుకున్నారు. నేను శాలువా కప్పించుకున్నాను. బైరాగి తన మాస్కుని ఆటో ముందు నిమ్మకాయా మిరపకాయలూ కట్టిన దారానికి దిష్టిబొమ్మలా కట్టేశాడు. అది చూసి ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను.

మేస్టారు

చలికాలం చివర్లో మళ్లీ కేసులు మొదలయ్యాయి. ఈసారి వచ్చింది చాలామందికి జలుబులా వచ్చి పోయింది. టీకా పని చేసిందనడానికి అదే సాక్ష్యం. జనం మాస్కు సంగతి మరిచారు. రూలు కాగితం మీద ఇంకా ఉంది, అడిగేవాడు మాత్రం లేడు.

శ్రావణిగారు నన్ను పిలిచారు. "సత్యవతిగారూ, ఊరి సంగతి అలా ఉంచండి. ఆ డయాలసిస్ ఆటోలో మాత్రం అందరూ మాస్కు వేసుకునేలా చూడండి. గంట వెళ్లడం, గంట రావడం, మోకాళ్లకి మోకాళ్లు తగులుతుంటాయి. వాళ్లకి జలుబు కూడా జలుబు కాదు."

మర్నాడు పొద్దున్నే ఆటో దగ్గరికి వెళ్లాను. డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు నలుగురూ ఎక్కి కూర్చున్నారు. చలికి రెండు వైపులా పరదాలు దించి ఉన్నాయి. విషయం చెప్పాను.

బైరాగి స్టీరింగు మీద చేతులు పెట్టి నా వైపు చూశాడు. "సూదేసుకున్నాక మాస్కెందుకు సిస్టరమ్మా? నువ్వే కదా ఒట్టేసినావు?"

"ఇది వేరు బైరాగీ. వీళ్ల కోసం..."

"ఈలూ ఏసుకున్నారు కదా సూది! ఊరంతా ఏసుకున్నాది. మరి ఏటికి పనికొచ్చినట్టు?"

మేస్టారు మధ్యలో నవ్వుతూ అన్నారు. "ఒగ్గేయమ్మా. మిషను దగ్గర నాలుగు గంటలు నోరు మూసుకునే పడుంటాం. ఈ గంటసేపే నేను కబుర్లు చెప్పేది. ముక్కుకి గుడ్డ కడితే నా కథ ఎవరికి వినపడుతుంది?"

గట్టిగా చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. గట్టిగా చెప్పాలంటే, ముందు నా ఒట్టు అబద్ధమని ఆ ఆటో ముందు నిలబడి ఒప్పుకోవాలి. "సరే, వీలైనంతవరకు వేసుకోండి," అని నాలుగు మాస్కులు తవిటమ్మ ఒళ్లో పెట్టి వచ్చేశాను. "వీలైనంతవరకు" అన్న మాట మన ఉద్యోగంలో చాలా వాడతాం. చెప్పామన్న తృప్తి మనకి మిగులుతుంది, పని మాత్రం జరగదు.

రెండు వారాలు గడిచాయి. బైరాగికి గొంతు నొప్పి, కాస్త ఒళ్లు వెచ్చదనం. మంచు పడింది కదా అనుకున్నాడు. తను మానేస్తే వీళ్లని ఎవరు తీసుకెళ్తారని ఆటో ఆపలేదు. ఆ తర్వాత మూడు నాలుగు రోజులకి తవిటమ్మకి జ్వరం, మేస్టారికి ఆయాసం. ఇద్దరినీ శ్రీకాకుళం తీసుకెళ్లారు.

తవిటమ్మ తిరిగొచ్చింది. మేస్టారు రాలేదు.

ఆయన పోయిన రోజు స్కూలు తలుపులు వేసేశారు. ఎవరూ చెప్పకుండానే ఆయన శిష్యులు, తాతలైనవాళ్లతో సహా, స్కూలు ముందు వరసలో నిలబడ్డారు. బైరాగి ఆ వరసలో లేడు.

అతను ఆటోని కొబ్బరాకుల పాక కింద పెట్టి, టార్పాలిన్ కప్పేశాడు. వారం దాటినా తియ్యలేదు. డయాలసిస్ వాళ్లు దొరికిన బండి పట్టుకుని, దొరకని రోజు మానేసి తిప్పలు పడుతున్నారు. డయాలసిస్ మానడమంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు.

అతని తోటకి వెళ్లాను. జీడిచెట్టు కింద కూర్చుని తాడు పేనుతున్నాడు. నన్ను చూసి లేవలేదు.

"నాను సంపీసినానా సిస్టరమ్మా, మేస్టార్ని?"

"ఎవరి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు బైరాగీ. బజారు నుంచి రావచ్చు, నా నుంచైనా రావచ్చు. అది తేలేది కాదు. కానీ మాస్కు పన్లేదని నీకు ఒట్టేసి చెప్పింది నేను."

తాడు పేనడం ఆపాడు. "మాస్కు కావాలని అప్పుడు నీకు తెల్దేమో?"

అబద్ధం చెప్పడానికి అదే ఆఖరి అవకాశం. అతనే చేతికందించాడు.

"తెలుసు," అన్నాను. "డాక్టరమ్మ చెప్పింది. తెలిసే చెప్పాను. నువ్వు వేసుకుంటే ఊరు వేసుకుంటుందని చెప్పాను."

తాడు కింద పడేసి, లేచి తోట లోపలికి నడిచి వెళ్లిపోయాడు. వెనక్కి తిరగలేదు. ముప్పై నాలుగేళ్లలో నన్ను తిట్టినవాళ్లున్నారు, ఒకసారి ఇటుకరాయి కూడా విసిరారు. ఆ నడకంత బాధ నాకు ఏదీ పెట్టలేదు.

సచివాలయం ముందు

మేస్టారు పోవడంతో ఊరు భయపడింది. సర్పంచి కృష్ణారావుగారు మంచివారే, కొబ్బరితోటలున్న పెద్ద కుటుంబం. కంగారు మాత్రం ఎక్కువ. గ్రామ సచివాలయం ముందు మీటింగు పెట్టారు. మళ్లీ మాస్కు అందరికీ, అన్ని చోట్లా, లేకపోతే ఇంటికి కుళాయి నీళ్లు ఆపుతామని టముకు వేయిస్తానన్నారు.

కొబ్బరి దింపే ఒకతను లేచాడు. "సెట్టెక్కినప్పుడు కూడానా సర్పంచిగారూ? పైన నానూ, కాకులూ తప్ప ఎవడున్నాడు?"

అందరూ నవ్వారు. కృష్ణారావుగారు నవ్వలేదు. శ్రావణిగారి వైపు చూశారు.

శ్రావణిగారు లేచి చెప్పిన మాట నేను ఇప్పటికీ కొట్టిపారెయ్యను. "అందరికీ ఒకే రూలు ఉంటేనే మంచిదని నా అభిప్రాయం. కిడ్నీ జబ్బు వాళ్ల దగ్గరే మాస్కు వేసుకోండి అంటే, వాళ్లని వేలెత్తి చూపించినట్టవుతుంది. వాళ్లు ఎదురొస్తే జనం పక్కకి తప్పుకుంటారు. ఆ మచ్చ రాకూడదు."

తర్వాత నన్ను మాట్లాడమన్నారు. అంతవరకు ఏం మాట్లాడాలో అనుకోలేదు. వెనక వరసలో బైరాగి కనిపించాడు.

"మీ అందరికీ నేను ఒక అబద్ధం చెప్పాను," అన్నాను. "సూది వేసుకుంటే మాస్కు ఎక్కడా అక్కర్లేదన్నాను. మీరు సూది వేయించుకోవాలనే ఆశతో అన్నాను. సూది మంచిదే. ఈసారి ఊళ్లో ఇంతమందికి జ్వరం వచ్చినా మన మధ్య కూర్చోగలుగుతున్నారంటే దాని వల్లే. కానీ మన ఊళ్లో సూది సగమే కాపాడే మనుషులున్నారు. మిగతా సగం మనమందరం కాపాడాలి. ఈ మాట నేను మొదటి రోజే చెప్పాల్సింది."

ఎవరో "ఓలమ్మ, ఒట్టు కూడా ఏసింది కదా," అన్నారు. నేను తలొంచుకున్నాను.

అప్పుడు తవిటమ్మ లేచింది. ఆసుపత్రి నుంచి వచ్చి పది రోజులు కూడా కాలేదు. పక్కనున్నామె భుజం పట్టుకుని నిలబడింది.

"డాక్టరమ్మా, మచ్చ అంతన్నావు. మచ్చ ఎప్పుడో పడిపోనాది తల్లీ. ఉద్దానం అంతే పిల్లనివ్వడానికే ఎనకాడతన్నారు. మాస్కుతోటి కొత్తగా పడేదేటి? సర్పంచి బావూ, నువ్వు నీళ్లు ఆపీకు. సెట్టు మీదోడికీ సేలో దానికీ ఎందుకు మాస్కు? జీడి పొగలో పాతికేళ్లు ముక్కుకి గుడ్డ కట్టినదాన్ని, దాని బాద నాకు తెల్దేటి? పొగ ఉన్నకాడే కట్టుకున్నాం, ఇంటికొచ్చినాక ఇప్పీసినాం. ఇదీ అంతే. ఆటోలో కట్టుకోండి. సూదుల గదిలో కట్టుకోండి. జలుబు సేసినోడు మా ఇంటి కాడికి రాకండి, వత్తే కట్టుకుని రండి. అది సాలు."

వెనక్కి తిరిగి గొంతు పెంచింది.

"ఒరే బైరాగీ! రేపు నా డయాలసిస్. ఆటో తియ్యకపోతే నడిసి ఎల్లిపోతాను. దారిలో పడిపోతే అప్పుడు నిజంగా నువ్వే సంపినట్టు!"

బైరాగి లేచి నిలబడ్డాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

మర్నాడు ఆటో కదిలింది. రెండు పరదాలూ తీసేశాడు. అందరి మొహాలకీ మాస్కులు, అతనికీ. నాతో మాట్లాడలేదు. కానీ తవిటమ్మ చెప్పింది: సగం దారిలో ఒక తోట దగ్గర ఆటో ఆపి, "దిగండి, పది నిమిషాలు గాలికి నిలబడి కబుర్లు సెప్పుకోండి, మేస్టారుంటే ఆపమనేవోడు," అన్నాడట. ఆ పది నిమిషాల ఆట విడుపు తర్వాత కూడా కొనసాగింది.

నాతో మళ్లీ మాట కలపడానికి అతనికి నాలుగు నెలలు పట్టింది. ఒక రోజు పీహెచ్‌సీ గేటు దగ్గర ఆటో ఆపి, ఒక పనసకాయ దింపాడు. "మా ఆడది ఇమ్మన్నాది," అన్నాడు. అంతే. నాకు అది చాలు.

ఇప్పుడు అడిగితే

ఆ అమ్మాయి అడిగినదానికి ఇప్పుడు నా జవాబు ఇది. టీకా రాకముందు, జనం పిట్టల్లా రాలిపోతున్నప్పుడు, అందరికీ మాస్కు అన్న రూలు సరైనదే. దాన్ని నేను అమలు చేసిన పద్ధతి సరైనది కాదు, రూలు మాత్రం సరైనదే. ఊరంతా టీకా వేసుకున్నాక, అదే రూలుని అదే కర్రతో పట్టుకు తిరగడం తప్పు. జనానికి కనిపించే నిజం ఒకటై, మనం చెప్పేది ఇంకొకటైతే, మన మాట మీద నమ్మకం పోతుంది. కొబ్బరిచెట్టు మీద మాస్కు అడిగినవాడి మాట డయాలసిస్ గదిలో కూడా ఎవడూ వినడు.

అలాగని "ఇంక అక్కర్లేదు" అనేయడం అంతకన్నా తప్పు. ఎవరికి అక్కర్లేదు? బైరాగికి తన కోసం అక్కర్లేదు. తవిటమ్మ కోసం కావాలి. రూలు పోయిన చోట ఎరుక ఉండాలి. అది టముకుతో రాదు. ఒక్కో ఇంటి అరుగు మీద కూర్చుని చెప్పాలి. రూలు కన్నా చాలా ఎక్కువ పని అది.

శ్రావణిగారి భయం ఉత్తదేమీ కాదు. పక్క ఊళ్లో ఒక కిరాణా కొట్టువాడు కిడ్నీ జబ్బు మనిషిని మెట్టెక్కనివ్వకుండా సరుకులు కింద పెట్టేవాడని విన్నాను. వెళ్లి దెబ్బలాడాను. మారాడో లేదో తెలీదు. అందరికీ ఒకటే రూలుంటే అలా జరిగేది కాదేమో. ఈ ఒక్క విషయంలో నాకు ఇప్పటికీ తేలలేదు. మీలో ఎవరికైనా తేలితే వచ్చి చెప్పండి.

ఒక్కటి మాత్రం తేలింది. మంచి పని జరగడానికైనా సరే, సగం నిజం చెప్పి ఎవరి చేతా చొక్కా చెయ్యి మడిపించకండి. ఆ రోజు బైరాగితో "సూది నీ ప్రాణం కాపాడుతుంది, మాస్కు నీ ఆటోలో వాళ్ల ప్రాణం కాపాడుతుంది" అని ఉంటే ఏం చేసేవాడు? సొంత మాస్కు విప్పి మేస్టారికి ఇచ్చిన మనిషి. తప్పకుండా వినేవాడు. అతనేమిటో నాకు అప్పటికే తెలుసు. అయినా నమ్మలేదు. నా అసలు తప్పు అది.

ఈమధ్య ఆ ఊళ్లో ఒక పెళ్లికి వెళ్లాను. నాలుగు రోజులుగా కాస్త దగ్గు. భోజనం అయ్యాక అలవాటుగా తవిటమ్మ ఇంటి వైపు నడిచాను. వాకిట్లోకి అడుగుపెట్టబోతూ దగ్గాను.

"అక్కడే! అక్కడే ఆగిపో సిస్టరమ్మా!" లోపలి నుంచి కేక.

ఆగిపోయాను. తవిటమ్మ గుమ్మంలోకి వచ్చి, చీర చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. బాగా చిక్కింది గానీ కళ్లలో చురుకు తగ్గలేదు.

"దగ్గుతోటి వచ్చీసినావేటి? మాస్కేదీ?"

బ్యాగు వెతికాను. లేదు. రిటైరయ్యాక మానేశాను. ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది.

"నేదా? మాకు ఇన్ని సెప్పి నీకాడ నేదా? సరే, ఎల్లిపోకు. ఆ గట్టు మీద కూకో."

కోడలి చేత వాకిలి చివర రాతి గట్టు మీద నాకు టీ గ్లాసు పెట్టించింది. తను గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. మా మధ్య వాకిలంత దూరం. ఏ రూలూ లేదు, కానిస్టేబులు లేడు, ఏ అధికారీ చూడటం లేదు. నా ఉద్యోగంలో నేను సాధించింది ఏమైనా ఉందంటే, అది నన్ను గుమ్మం బయట కూర్చోబెట్టడం చూసి నాకు చాలా సంతోషమేసింది.

ఆ దూరం నుంచే జీడి పూత సంగతి, కోడలి సంగతి, పెళ్లి భోజనంలో ఉప్పు ఎక్కువైన సంగతి గొంతెత్తి చెప్పుకున్నాం. దారిన పోయే ఇద్దరు మేం దెబ్బలాడుకుంటున్నామనుకుని ఆగి, విడదీయడానికి లోపలికి రాబోయారు.